మూరెడు దూరంలో ఆగిన వదిన

మా వదిన పోయిన సంగతి చెప్పడానికి మా అన్నయ్య మెట్లెక్కి నా గదికి వచ్చాడు. ఆయన పైకి రావడం మానేసి చాలా ఏళ్ళయింది. నాతో పనిబడితే కింద పెరట్లో నిలబడి దోటీతో నా కిటికీ ఊచల మీద కొడతాడు. ఆ తెల్లవారుజామున మాత్రం గుమ్మంలో నిలబడి, రొప్పు తగ్గాక, "మీ వదిన నిద్రలోనే వెళ్ళిపోయిందిరా" అన్నాడు. నేను కళ్ళజోడు కోసం తడుముకున్నాను. ఏడుపు రాలేదు. ఒక పాత మాట గుర్తొచ్చింది. ఇదే మనిషి, కొల్లేటి నీళ్ళ మీద, దోనెలో కూర్చుని ఆవిడకు ఇచ్చిన మాట. ఇచ్చి, నిలబెట్టుకోని మాట.

చర్చిలో జరిగిన జ్ఞాపకార్థ కూడికలో చాలామంది మాట్లాడారు. పాస్టరు అయ్యగారు ఆవిడ ఓర్పు గురించి చెప్పారు. ఆడవాళ్ళు పోయినప్పుడే ఓర్పు అనే మాట మన నోట అంత బాగా ఎందుకు పలుకుతుందో, నేను ఇన్ని పుస్తకాలు చదివినా నాకు బోధపడలేదు. మా ఈత క్లబ్బు ప్రెసిడెంటుగారు, కైకలూరు దగ్గర చేపల చెరువులున్న ఆసామి, మైకు పట్టుకుని కొలను చుట్టూ తాను వేయించిన టైల్స్ గురించి చెప్పారు. చివర్లో అన్నయ్య లేచి, "ఆమెకు ఈత మీద ఉన్న మక్కువ గ్రహించి, నేనే ప్రోత్సహించాను" అన్నాడు.

నన్ను మాట్లాడమని ఎవరూ అడగలేదు. అడిగితే కూడిక పాడవుతుందని అందరికీ తెలుసు. ఉద్యోగమంతా గ్రంథాలయంలో 'నిశ్శబ్దం' అని రాసిన బోర్డు కింద చేసినవాణ్ణి. మాట్లాడకుండా ఉండటం నాకు వచ్చు. రాయకుండా ఉండటం రాదు.

మా వదిన కొల్లేటి లంకలో పుట్టింది. వాళ్ళ నాన్నగారు అక్కడి మిషను బడికి హెడ్‌మాస్టరు. అన్నయ్య మొదటి ఉద్యోగం ఆ బళ్ళోనే. ఆ రోజుల్లో లంకకు దోనె తప్ప దారి లేదు. తాటిమాను తొలిచి చేసే ఆ దోనె, లోపలున్న మనిషి గట్టిగా తుమ్మినా ఒరుగుతుంది. అందుకని లంక పిల్లలకు ఈతతో పాటే ఒకటి నేర్పేవారు. ఈదుకుంటూ దోనె దగ్గరకు వచ్చినవాళ్ళు దాని అంచు పట్టుకోకూడదు. మూరెడు దూరంలో ఆగి, నీళ్ళలో కాళ్ళాడిస్తూ నిలవాలి. లోపలున్న మనిషి అవతలి వైపుకు జరిగి, తన బరువు అటు వేసి, "పట్టుకో" అనాలి. అప్పుడు పట్టుకోవాలి. తొందరపడితే అందరూ నీళ్ళలోనే.

అన్నయ్యకు ఈత రాదు. ఇప్పటికీ రాదు. నీళ్ళంటే ఆయనకున్న భయాన్ని ఆయన గాంభీర్యం కింద దాచుకునేవాడు. అది చాలామందికి తెలియదు. కానీ ఆ జరగడం మాత్రం చక్కగా నేర్చుకున్నాడు. బడి పిల్లలతో దోనె నిండిపోతే, మా వదిన పుస్తకాలు దోనెలో పెట్టి పక్కన ఈదుకుంటూ వచ్చేదట. అలా మొదలైంది వాళ్ళ పరిచయం. పెద్దవాళ్ళు కుదిర్చారని అన్నయ్య చెబుతాడు. పెద్దవాళ్ళు కుదిర్చింది ముహూర్తం ఒక్కటే.

ప్రధానం అయ్యాక వచ్చిన వేసవిలో, నేను కాలేజీ సెలవులకు అన్నయ్యను చూడటానికి లంకకు వెళ్ళాను. తిరిగి వస్తుంటే అన్నయ్య కూడా ఒడ్డు దాకా దోనెలో వచ్చాడు; సాగనంపే నెపంతో వదిన ఓణీ నడుముకు బిగించి నీళ్ళలో దిగింది. గుర్రపుడెక్క తప్పించుకుంటూ, తల నీళ్ళ పైనే ఉంచి, చప్పుడు లేకుండా ఈదేది. పక్కన నీళ్ళు కదిలినట్టు కూడా ఉండేది కాదు.

"ఏవండీ, ఒడ్డు దాకా నాతో పందెం వేస్తారా?" అంది.

"నాకు ఈత రాదని తెలిసే అడుగుతున్నావా?"

"దోనెలో కూర్చునే వేయండి. గెడ వేసే తాతకు మీరు చెప్పండి, నాకు ఎవరూ చెప్పక్కర్లేదు."

ఆవిడే గెలిచింది. మేము ఒడ్డు చేరబోతుండగా తిరిగి ఈదుకుంటూ వచ్చి, మూరెడు దూరంలో ఆగింది. అన్నయ్య అవతలికి జరిగి "పట్టుకో" అన్నాడు. ఆవిడ అంచు పట్టుకుని వేలాడుతూ మొహం మీది నీళ్ళు తుడుచుకుంటోంది. అప్పుడన్నాడు.

"ఏలూరు కాలువలో ఏటా ఈత పందేలు పెడతారు. ఆడవాళ్ళకూ ఉన్నాయి. పెళ్ళయ్యాక నిన్ను దించుతాను."

"ఉత్తినే అంటున్నారు."

"మాటంటే మాటే. కావాలంటే వీడు సాక్షి," అని నన్ను చూపించాడు.

ఆ సాక్షి ఇన్నాళ్ళకు నోరు విప్పుతున్నాడు.

పెళ్ళయిన మొదటి ఏడు, కొత్తకోడలు కాలువలో దిగితే అమ్మ ఊరుకోదన్నాడు. వచ్చే ఏడు చూద్దాంలే అన్నాడు. ఆ వచ్చే ఏడు వదిన నెలలు నిండి ఉంది. ఆ తరువాత ఆయన హెడ్‌మాస్టరయ్యాడు. హెడ్‌మాస్టరు భార్య నలుగురిలో తడిబట్టలతో నిలబడుతుందా? ఆ పైన సంఘపెద్ద అయ్యాడు, సంఘంలో ఏమనుకుంటారు? ఆయన కుర్చీ ఎత్తు పెరిగినకొద్దీ కాలువ దూరం జరిగింది. చివరికి పందేలు పెట్టేవాళ్ళే మానేశారు. ఆ కబురు పేపర్లో చదివి అన్నయ్య కాఫీ గ్లాసు కింద పెడుతూ, "చూశావా, ఇప్పుడు పందేలే లేవు" అన్నాడు, తప్పంతా కాలువదే అయినట్టు. వదిన గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదు. అదే ఓర్పు అని అయ్యగారు అనుకుంటున్నారు. రిక్షా కాలువ వంతెన ఎక్కినప్పుడల్లా ఆవిడ మొహం నీళ్ళ వైపు తిరిగిపోయేది. పెరట్లో తొట్టి నింపి, మోచేతి దాకా చెయ్యి ముంచి, కాసేపు అలాగే నిలబడేది. నేను మేడ మీద గదిలో పుస్తకం పట్టుకుని ఇవన్నీ చూస్తూ వచ్చాను. పెళ్ళి చేసుకోని మరిదికి అన్నం పెట్టి, వాడి విసుగును భరించి, పండగకు పంచె కొనిపెట్టిన మనిషి ఆవిడ. నాకు జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసి, "పుస్తకాలు చల్లగా ఉంటాయేమో, ఒకటి వేసుకోవయ్యా" అనేది. వెటకారంలో కూడా ఆవిడ చెయ్యి మెత్తగానే ఉండేది.

మోకాళ్ళు పుణ్యం కట్టుకున్నాయి. డెబ్బై దాటాక వదినకు నడవడం కష్టమైంది. డాక్టరుగారు నీళ్ళలో నడవమన్నారు. అన్నయ్య చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు.

"మోకాళ్ళ కోసం. అంతే. వాడు తోడుంటేనే" అన్నాడు.

అలా నేను వదినకు కాపలాగా ఈత క్లబ్బులో చేరాను. అది అన్ని వయసుల వాళ్ళదీ. పాలపళ్ళు ఊడని పిల్లలు, పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే కుర్రాళ్ళు, పొట్ట తగ్గించుకోవాలని వచ్చే బ్యాంకువాళ్ళు, మాలాంటి ముసలివాళ్ళు అందరూ ఒకే కొలనులో. ఊరికే మునిగి లేచే క్లబ్బు కాదు, పందేలకు వెళ్ళే క్లబ్బు. కోచ్ తాడేపల్లిగూడెం అమ్మాయి. మెడలో విజిల్, నోట్లో "అండీ" రెండూ ఎప్పుడూ ఉంటాయి. ఎంత కసిరినా మర్యాదగానే కసిరేది.

చీరతో దిగనివ్వనంది ఆ అమ్మాయి. మోకాళ్ళ కిందికి, మోచేతుల దాకా వచ్చే నల్లటి ఈత దుస్తులు తనే తెచ్చిపెట్టింది. వదిన బట్టలు మార్చుకునే గదిలోంచి తువ్వాలు కప్పుకుని బయటకు వచ్చి, నా ముందు నిలబడి, తువ్వాలు తీసింది.

"ఏమయ్యా, తోలు తీయని కొరమేనులా ఉన్నానా?"

"తళతళలాడుతున్నారు వదినా."

"అంటే ఉన్నాననేగా!"

మొదటి రోజు మెట్ల మీద కూర్చుని చాలాసేపు నీళ్ళలోకి చూసింది. భయమా అని కోచ్ అడిగితే, "అడుగు కనిపిస్తోందమ్మా. అడుగు కనిపించే నీళ్ళలో నేనెప్పుడూ దిగలేదు" అంది. ఆసుపత్రి వాసనొస్తోందని కూడా అంది. తరువాత దిగింది. రెండు వారాలు బుద్ధిగా లోతు లేని చోట నడిచింది. ఒక ఉదయం నేను అద్దాలు తుడుచుకుని చూసేసరికి ఆవిడ అక్కడ లేదు. కొలను అవతలి చివర, లోతు నీళ్ళలో, తెల్లటి తల ఒకటి చప్పుడు లేకుండా వెళుతోంది. పిల్లలందరూ ఈదడం ఆపేశారు. కోచ్ అమ్మాయి నోట్లో విజిల్ ఉంది, ఊదలేదు.

నా ఈత గురించి ఎక్కువ చెప్పను. నీళ్ళలో తేలే బల్లచెక్క పట్టుకుని కాళ్ళాడిస్తుంటే ఒక పాప నా పక్కన ఆగి, "తాతగారూ, మీరు ముందుకెళ్తున్నారా, వెనక్కెళ్తున్నారా?" అని అడిగింది. నేను జవాబు వెతుక్కునేలోపే వదిన, "ఆయన నీళ్ళు చదువుతున్నారమ్మా. పేజీ తిప్పాక కదులుతారు" అంది. ఆ రోజు నుంచి క్లబ్బులో నా పేరు 'పేజీ తాత'. ఊళ్ళో శాలువాలు కప్పించుకున్న కవులు కొందరికి ఇంతకన్నా తక్కువ పేరుంది.

చిక్కు గోడ దగ్గర వచ్చింది. పందెంలో చివర గోడను చేత్తో తాకితేనే ఈత పూర్తయినట్టు. వదిన అందరికంటే ముందు వచ్చేది, గోడకు మూరెడు దూరంలో ఆగిపోయేది. నీళ్ళలో కాళ్ళాడిస్తూ, తలెత్తి చూస్తూ నిలిచేది.

"అమ్మా, గోడ ముట్టుకోండి!" అని కోచ్ అరిచింది.

"ముట్టుకుంటే బోల్తా కొడుతుందమ్మా" అంది వదిన, వెంటనే.

అందరూ ఘొల్లుమన్నారు. గోడ బోల్తా కొడుతుందటర్రా, అని బ్యాంకు ఆయన గట్టు పట్టుకుని నవ్వాడు. వదిన కూడా నవ్వింది. మళ్ళీ ఈదింది, మళ్ళీ ఆగింది. సంగతేమిటో అక్కడున్నవాళ్ళలో నాకొక్కడికే తెలుసు. దోనె గురించి కోచ్‌కు చెప్పాను. తెలివైన పిల్ల, మర్నాటి నుంచి గోడ దగ్గర నిలబడి "పట్టుకోండి" అనడం మొదలుపెట్టింది. కొన్నిసార్లు నేనూ అన్నాను. వదిన పట్టుకునేది కానీ తటపటాయించి, ఏదో తప్పు చేస్తున్నట్టు పట్టుకునేది. ఆ తటపటాయింపులో పందెం పోతుంది.

"చెబుతున్నాం కదా వదినా, ఇంకా ఎందుకాగుతున్నారు?" అని ఇంటికి వస్తూ ఆటోలో అడిగాను.

"మాట అందరూ అంటారయ్యా. మనిషి జరగాలి" అంది.

అప్పుడు నేను దాన్ని దోనె సంగతిగానే విన్నాను.

తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ కొలనులో క్లబ్బుల మధ్య పోటీలు పెట్టారు. అందులో ఒక పందెం నాలుగు వయసుల వాళ్ళు కలిసి ఈదేది. మా తరఫున మొదట నన్ను వెక్కిరించిన పాప, తరువాత పోలీసు ఉద్యోగం కుర్రాడు, బ్యాంకు ఆయన, చివర మా వదిన. మోకాళ్ళ కథ దాటి ఇంత దూరం వచ్చిందని అన్నయ్యకు తెలియదు. ఉదయం ఆయన బైబిలు చదువుకునే వేళకు మేము వెళ్ళి వచ్చేవాళ్ళం.

ముందు రోజు తెలిసింది, బహుమతులివ్వడానికి ముఖ్య అతిథిగా ప్రెసిడెంటుగారు పిలిచింది మా అన్నయ్యనని. ఆయన అన్నయ్య దగ్గర చదువుకున్నాడట. చదువుకున్న ఆనవాళ్ళు నాకు కనిపించలేదు గానీ, గురుభక్తి మాత్రం ఉంది. నేను పరుగున కిందికి వెళ్ళాను. వదిన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"అన్నయ్య వస్తున్నాడట రేపు. మానేద్దామా?"

"ఎందుకూ? పందెం చూపిస్తానని ఆయనే కదా అన్నారు."

"దించుతానన్నాడు వదినా. చూపిస్తాననలేదు."

"ఏదో ఒకటిలే. రానీ." ఒక కాయ విరిచి, గింజ చూసి, గిన్నెలో వేసింది. "నా భయం ఆయన గురించి కాదు. మళ్ళీ గోడ దగ్గర ఆగిపోతానేమో. ఆ చంటిది ఎంత ఆశ పెట్టుకుందో. నా మూలంగా దానికి పోతే నేను మళ్ళీ నీళ్ళ మొహం చూడలేనయ్యా."

ఆవిడ ఏదైనా కావాలని పైకి అనడం నేను వినడం అదే మొదటిసారి.

కొలను చివర, గోడకు దగ్గరగా షామియానా వేసి, ముఖ్య అతిథి, పెద్దలు కూర్చోవడానికి పొడవాటి బల్ల వేశారు. అన్నయ్య ఇస్త్రీ చొక్కాతో, నిటారుగా, బల్ల మధ్యలో కూర్చున్నాడు. పక్కన ప్రెసిడెంటుగారు ఆయన చెవిలో ఏదో చెబుతూనే ఉన్నారు. మా జట్టులో చివర నిలబడ్డ తెల్లటోపీ మనిషి ఎవరో అన్నయ్య ఎప్పుడు పోల్చుకున్నాడో నాకు సరిగ్గా తెలుసు. ఆయన చేతిలోని కొబ్బరిబోండం దించి కింద పెట్టాడు. మొహం మాడిపోయింది. లేస్తాడనుకున్నాను. నలుగురూ ఉన్నారు కాబట్టి లేవలేదు.

గోడ దగ్గర పోటీ అధికారులు తప్ప ఇంకెవరూ ఉండకూడదన్నారు. కోచ్ ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. మేమిద్దరం తాడు ఇవతలే ఉండిపోయాం.

పాప బాగా ఈదింది. కుర్రాడు ఇంకా బాగా ఈదాడు. బ్యాంకు ఆయన ఇద్దరి కష్టాన్నీ ముంచాడు. వదిన నీళ్ళలోకి దూకలేదు, జారింది. తల నీళ్ళపైనే పెట్టుకుని, తెల్లటి టోపీ ఒకటి తేలుతూ వెళుతున్నట్టు, ఒక్కొక్కరినే దాటుకుంటూ పోయింది. గోడకు అందరికంటే ముందు చేరింది.

ఆగింది.

మూరెడు దూరంలో, కాళ్ళాడిస్తూ, తలెత్తి. "గోడండీ! గోడ!" అని కోచ్ విజిల్ నేలకేసి కొట్టింది. "అమ్మమ్మా, ముట్టుకో!" అని పాప ఏడుపు గొంతుతో అరుస్తోంది. నేనూ అరిచాను, అంత గోలలో నా గొంతు నాకే వినబడలేదు. వెనక పడ్డవాళ్ళు దగ్గరకు వచ్చేస్తున్నారు. వదిన కళ్ళు ఎవరినీ పట్టించుకోవడం లేదు. అవి షామియానా కింద బల్ల మీదికి వెళ్ళాయి.

అన్నయ్య జరిగాడు.

రెండు చేతులూ బల్ల మీద ఆన్చి, నీళ్ళకు అవతలి వైపుకు, ఒళ్ళంతా ఒక్కసారిగా జరిపి ఒరిగాడు. అటువైపున్న ప్రెసిడెంటుగారు, మాట మధ్యలో, బల్ల చివర నుంచి కిందికి జారిపోయారు. కూడికలో ఆయన చెప్పని సంగతుల్లో ఇదొకటి. అన్నయ్య పెదవులు కదిలాయి. ఏమన్నాడో ఎవరికీ వినబడలేదు. వినబడనక్కరలేదు.

వదిన గోడ పట్టుకుంది.

అప్పటికే ఇద్దరు తాకేశారు. మాకు మూడో స్థానం వచ్చింది. పాప ఏడవలేదు; "మెడల్ ఉందిగా" అంది. ఆ మెడల్ వేయవలసింది ముఖ్య అతిథి. రిబ్బను వదిన టోపీకి తగులుకుంది.

"తల వంచు" అన్నాడు అన్నయ్య, గొంతు తగ్గించి.

"మీరే చెయ్యి కాస్త పైకెత్తండి" అంది వదిన.

తిరిగి వచ్చేటప్పుడు కారులో నేను ముందు కూర్చున్నాను. వెనక నుంచి ఒక్క మాట వస్తుందని చూశాను. క్షమించమని అడగక్కరలేదు. "ఆ రోజు అన్నాను కదూ" అంటే చాలు. గూడెం దాటాక అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"బాగున్నాయండి."

ఏలూరు వచ్చేదాకా అంతే.

మర్నాడు నేను ఉండబట్టలేక అడిగాను. "ఏమన్నాడు వదినా?"

"ఏమంటారు? జరిగారుగా."

"బతుకంతా పట్టింది ఆయనకు."

"నీకు లెక్కలెక్కువయ్యా" అంది. మెడల్ దేవుడి పటం దగ్గర కాకుండా తొట్టి పైన మేకుకు తగిలించుకుంది. ఇప్పుడూ అక్కడే ఉంది.

మొన్నటి వానాకాలం దాకా ఆవిడ ఈదింది. గోడ దగ్గర ఆగడం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అన్నయ్య మళ్ళీ ఒక్కసారి కూడా చూడటానికి రాలేదు. బయలుదేరేటప్పుడు ఆవిడ ప్రతి ఉదయం గేటు దగ్గర కాసేపు ఆగి వెనక్కి చూసేది. నేను ఆటో తలుపు పట్టుకుని నిలబడేవాణ్ణి.

కూడిక అయిన మర్నాటి నుంచి అన్నయ్య నా వెంట కొలనుకు వస్తున్నాడు. నేను పిలవలేదు. గోడ పక్కనున్న సిమెంటు దిమ్మ మీద కూర్చుంటాడు. పిల్లలు ఈదుకుంటూ గోడ దగ్గరకు వచ్చినప్పుడల్లా అవతలి వైపుకు కాస్త ఒరుగుతాడు. వాళ్ళు ఆగరు. వాళ్ళకు ఎవరూ జరగనక్కరలేదు. టపీమని గోడ తాకి, తిరిగి వెళ్ళిపోతారు. ఆయన మళ్ళీ నిటారుగా సర్దుకుని, తరువాత వచ్చే తల కోసం నీళ్ళలోకి చూస్తాడు. తల దగ్గరకు వస్తుంది. మళ్ళీ ఒరుగుతాడు.

"పాపం తాతగారండీ" అని కోచ్ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటుంది. క్లబ్బంతా ఆయన మీద జాలిపడుతోంది. ఎలా జరగాలో తెలియని మనిషైతే నేనూ జాలిపడేవాణ్ణి. తెలుసు ఆయనకు. తెలిసి, మంచం మీదా, కుర్చీలోనూ, చర్చి బల్ల మీదా, అన్నేళ్ళూ కదలకుండా కూర్చున్నాడు. నేను ఇప్పటికీ తప్పు పట్టేది కాలువను కాదు, కాలాన్ని కాదు, మా అమ్మను కాదు. మా అన్నయ్యను.